భాగ్య మేడమ్ తెరవని కంప్యూటర్

మొన్న మా అబ్బాయికి కళ్లజోడు చేయించడానికి అమీర్‌పేట వెళ్లాను. మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కింద జెరాక్స్ షాపుల్లోంచి వేడి కాగితం వాసన వచ్చింది. మిషన్‌లోంచి అప్పుడే బయటపడ్డ కాగితాల కట్టకి కొంచెం ఇస్త్రీ బట్టల వాసన, కొంచెం మాడిన వాసన ఉంటాయి. కోర్సు మెటీరియల్ కోసం క్యూలో నిలబడి, ఆ కట్ట అందగానే వెచ్చగా గుండెకి హత్తుకున్న రోజులు గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. "ఏమైందమ్మా?" అన్నాడు మా వాడు. మా మేడమ్ గుర్తొచ్చారన్నాను. "స్కూల్లో మేడమా?" అన్నాడు. కాదురా, ఇక్కడి మేడమ్ అన్నాను. వాడు తలెత్తి చూశాడు. మేడ మీద మేడ, మేడకి పది బోర్డులు, బోర్డుకో కోర్సు. ఇన్నింటిలో ఏ మేడమ్ అని వాడికి సందేహం వచ్చుంటుంది, పాపం. వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పేరు భాగ్యలక్ష్మి. అందరం భాగ్య మేడమ్ అనేవాళ్లం. సిద్దిపేట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి చదువుకుని, ఎర్రగడ్డలో కాపురం ఉంటూ అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచ్‌కి లైనక్స్, అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్, చెప్పేవారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం వెనక బెంచీ దాటి లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినపడేది. చీర కొంగు నడుముకి దోపి, చేతిలో మార్కర్ పట్టుకుని, "ఆఁ, ఏమైతది? పేలుతదా? నొక్కు!" అని ఆవిడ అంటుంటే మాకు భయం కన్నా నవ్వే ఎక్కువ వచ్చేది.

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. మాది ఏలూరు. పెళ్లికి ముందు కంప్యూటర్స్‌లో డిగ్రీ చేశాను. ఆ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద హాయిగా పడుకుని ఉండేది. పళ్ల నొప్పితో వచ్చినవాళ్లకి "కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పీ చెప్పీ ఒకరోజు నా మీద నాకే విసుగొచ్చింది. నేను నేర్చుకున్నది ఇంకా నాలో మిగిలుందో లేదో చూద్దామనిపించింది. క్లినిక్ అయ్యాక నాకు దొరికేది సాయంత్రమే. పొద్దున, మధ్యాహ్నం బ్యాచ్‌లకి వెళ్లాలంటే ఉద్యోగం మానుకోవాలి, అది కుదిరే పని కాదు. కాబట్టి భాగ్య మేడమ్ సాయంత్రం బ్యాచ్ ఉంటే నాకు చదువుంది, లేకపోతే లేదు. నాలాంటివాళ్లే ఆ బ్యాచ్ నిండా. మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసు నుంచి వచ్చే ఒక గుమాస్తా గారు, బట్టల షాపు సేల్స్‌లో నుంచి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చే ఇద్దరమ్మాయిలు, అలా అందరం పగలంతా ఎవరి కొలువు వాళ్లు చేసుకుని వచ్చినవాళ్లమే.

మొదటివారంలోనే ఆవిడ స్వాప్ గురించి చెప్పారు. కంప్యూటర్‌కి పని చేసేటప్పుడు ఒక జ్ఞాపకం కావాలి. అది నిండిపోతే కాసేపు అవసరం లేనివాటిని డిస్క్‌లో ఒక మూల పెట్టుకుంటుంది. ఆ మూల పేరు స్వాప్. మా ల్యాబ్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకటికి మించి సిస్టమ్స్ ఉండేవి. మధ్యాహ్నం బ్యాచ్ వాళ్ల లైనక్స్ ఒకటి, మా సాయంత్రం వాళ్ల లైనక్స్ ఇంకొకటి. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది, ఎవరిది వాళ్లు ఎంచుకోవాలి. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది నడవదు. మరి రెండింటికీ రెండు స్వాప్‌లు ఎందుకని నేనే అడిగాను, అడిగి నాలిక్కరుచుకున్నాను. మేడమ్ మొహం వెలిగిపోయింది.

"మంచిగ అడిగినవ్ నిర్మలా! కృష్ణానగర్‌ల రూములు చూసినవా ఎప్పుడన్న? సిన్మా పనికొచ్చిన పోరగాళ్లుంటరు. ఇద్దరికి ఒకటే మంచం. ఒకడు రాత్రి షూటింగ్ పోతే ఇంకొకడు పండుకుంటడు. వాడొచ్చేసరికి వీడు లేస్తడు. మంచం ఒకటే సాలు. గని ఒక్క కండిషన్. లేచినోడు మంచం మీద తన సామాను ఉంచొద్దు."

"ఉంచితే మేడమ్?" అన్నారు గుమాస్తా గారు.

"వచ్చినోడు అవతల పారేస్తడు. వాని తప్పేముంది? వానికి నిద్రొస్తది."

కంప్యూటర్‌లో ఆ సామాను ఏమిటో తర్వాత చెప్పారు. పని మధ్యలో కంప్యూటర్‌ని హైబర్నేట్ చేస్తే, అంటే గాఢనిద్రలోకి పంపితే, అప్పటిదాకా జ్ఞాపకంలో ఉన్న పని మొత్తాన్నీ అది స్వాప్‌లో దాచుకుని ఆగిపోతుంది. మళ్లీ లేపితే సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. ఈలోగా రెండో సిస్టమ్ లేచి అదే స్వాప్ వాడుకుందంటే, నిద్రపోతున్నవాడి పని తుడిచిపెట్టుకుపోయినట్టే. కాబట్టి స్వాప్ పంచుకునేవాళ్లు ఎవరూ కంప్యూటర్‌ని నిద్రపుచ్చకూడదు, పూర్తిగా ఆపి వెళ్లాలి. ఇది కాగితం మీద చాలా తేలిక. మా ల్యాబ్‌లో మాత్రం స్వాప్‌లు రెండుండేవి. ఎందుకంటే మధ్యాహ్నం బ్యాచ్ చెప్పే ప్రసాద్ గారికీ మా మేడమ్‌కీ మాటల్లేవు.

ఆ గొడవ నేను చేరకముందు జరిగింది. విన్నది చెబుతున్నాను. ప్రసాద్ గారిది గుంటూరు వైపు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట మెత్తన, పంతం గట్టి. ఒకసారి మేడమ్ బ్యాచ్‌లో వాళ్లు ఒక వరస కంప్యూటర్లలో కొత్తగా లైనక్స్ ఇన్‌స్టాల్ చేశారు. ఇన్‌స్టాలర్‌కి ఒక గుణం ఉంది. డిస్క్‌లో ఎక్కడ స్వాప్ కనపడినా అది తనదే అనుకుని, అడగకుండా ఫార్మాట్ చేసేస్తుంది. దాంతో ఆ స్వాప్ గుర్తింపు సంఖ్య మారిపోతుంది. మర్నాడు ప్రసాద్ గారి సిస్టమ్ లేచి, పాత గుర్తింపున్న స్వాప్ కోసం వెతుక్కుంటూ, నల్ల తెర మీద చుక్కలు కదిలిస్తూ నిలబడిపోయింది. చాలాసేపయ్యాక గానీ తెరుచుకోలేదు. ఒక్క కంప్యూటర్ కాదు, వరసంతా అంతే. పిల్లలు నవ్వారు. "సార్, మీ లైనక్స్ ముసలిదైపోయింది" అన్నాట్ట ఒకడు. ఆయనకి అది గుచ్చుకుంది. మేడమ్ కావాలనే చేయించిందనుకున్నారు. "నేను కావాల్నని చేస్తే ఇంత చిన్నగ చేస్తనా?" అని మేడమ్ అన్నారట. సర్దిచెప్పడం అనుకుంటే అది సర్దిచెప్పడమే. ఆయన వినలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే ఒకరు లిఫ్ట్, ఒకరు మెట్లు. ఎవరి స్వాప్ వాళ్లది.

నేను చేరిన కొన్నాళ్లకి చిక్కొచ్చిపడింది. లైనక్స్ కొత్త వెర్షన్ వచ్చింది. ఇంటర్వ్యూల్లో అదే అడుగుతున్నారు, అది నేర్పకపోతే బ్యాచ్ పెట్టి లాభం లేదు. మా కంప్యూటర్లు చూస్తే పాతవి, డిస్కులు చిన్నవి. మేడమ్‌కి మిగిలిన భాగంలో కొత్త వెర్షన్ పట్టడం లేదు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ గారిని కొత్త డిస్కులు అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి, "ఎలాగో అడ్జస్ట్ చేసుకోండమ్మా" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. సాయంత్రం టైమ్‌కి ఏఐ కోర్సు పెట్టమని బయట చాలామంది అడుగుతున్నారట. ఈసారి డెమో క్లాసుకి వచ్చినవాళ్లలో సరిపడా మంది చేరితే సరే, లేకపోతే సాయంత్రం బ్యాచ్ తీసేసి ఆ టైమ్ దానికి ఇచ్చేస్తామన్నారు. డెమో క్లాసు అంటే అమీర్‌పేటలో పెళ్లిచూపుల్లాంటిది. మొదటిరోజు ఉచితంగా కూర్చోబెట్టి పాఠం చెబుతారు. నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క మేడ ఎక్కుతారు. ఆ డెమోలో చూపించడానికే మేడమ్ దగ్గర కొత్త వెర్షన్ పట్టే చోటు లేదు. మా కోర్సు కూడా ఇంకా సగంలోనే ఉంది. ఆ వారమంతా క్లినిక్‌లో కూర్చున్నానన్నమాటే గానీ, ఎవరి పన్ను నొప్పి ఎవరికి రాశానో నాకే తెలీదు.

ఒక సాయంత్రం క్లాసుకి ముందు మేడమ్, నేను మెట్రో పిల్లర్ పక్కన టీ తాగుతున్నాం. రోడ్డు దాటి ప్రసాద్ గారు అదే టీ కొట్టుకి వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయారు. అక్కడ లిఫ్టూ లేదు, మెట్లూ లేవు. మేడమ్ గట్టిగా పిలిచారు.

"ప్రసాద్ సార్! జర ఆగున్రి. టీ తాగి పోన్రి."

ఆయన మొహమాటపడుతూ వచ్చి నిలబడ్డారు. "చెప్పండి మేడమ్ గారూ."

"నా స్వాప్ తీసేస్తున్న సార్. అన్ని కంప్యూటర్లల్ల. గా జాగ కలిస్తే కొత్త వెర్షన్ పడ్తది. మీ స్వాప్‌ల నన్ను సుత ఉండనిస్తరా?"

ఆయన టీ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లి ఆపేశారు. "మీది తీసేస్తారా? నాది తీయమని అడగరా?"

"మీది మీకు అలవాటు పడ్డది. నేనే వస్త మీ కాడికి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫార్మాట్ కాకుంట టిక్కు తీసేసుడు నా పిల్లలకు నేనే దగ్గరుండి చూపిస్త. ఈసారి మీ లైనక్స్ ముసల్ది కాదు, నాది జిమ్మెదారి."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఆయనకి ఒక అలవాటు. పాఠం మధ్యలో కంప్యూటర్‌ని హైబర్నేట్ చేసి వెళ్లిపోయి, మర్నాడు లేపి, ఆగిన అక్షరం దగ్గర నుంచి మొదలుపెడతారు. పంచుకోవాలంటే అది మానేయాలి. "అది కొంచెం కష్టమేనండీ, చెయ్యి దానంతటదే వెళ్లిపోతుంది" అన్నారు. చివరికి గ్లాసు కింద పెట్టి, "సరే, మానేస్తాను. కానీ ఎప్పుడైనా చెయ్యి జారితే?" అన్నారు.

"నేను చూసుకుంట. మీరు ఫికర్ చెయ్యకున్రి" అన్నారు మేడమ్. టీ కొట్టు దగ్గర అనే మాటలు లెక్కలోకి వస్తాయా అని నేను లోపల అనుకున్నాను. ఆవిడ లెక్కలో వస్తాయని తర్వాత తెలిసింది.

మర్నాడు మేమంతా కూర్చుని మా స్వాప్‌లు తీసేశాం. అందరి చేతా ఒక్కో మీటా చెప్పించి నొక్కించారు. కొత్త వెర్షన్ పట్టింది. ప్రసాద్ గారి వైపు ఏమీ కదల్లేదు. తర్వాతి రోజు మధ్యాహ్నం వాళ్ల కంప్యూటర్లు ఎప్పటిలాగే టక్కున తెరుచుకున్నాయని ఆయనే మెట్ల మీద ఆగి మేడమ్‌కి చెప్పారు. ఆయన మెట్ల మీద రావడమే మాకు వార్త.

ఇక డెమో రోజు. గది నిండిపోయింది. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. డైరెక్టర్ గారు వెనక కూర్చున్నారు, లెక్కపెడుతున్నట్టు తల తిప్పుతూ. మేడమ్ మంచి చీర కట్టుకొచ్చారు. ముందున్న సిస్టమ్‌ని చెడగొట్టకుండా పక్కన ఇంకో లైనక్స్ ఎలా పెట్టాలో కళ్ల ముందు చేసి చూపిస్తానని కింద బోర్డు మీద రాయించారు. ప్రొజెక్టర్ వైరు గోడలోంచి ఫ్యాకల్టీ కంప్యూటర్ ఒక్కదానికే వస్తుంది, కాబట్టి దాని మీదే చేయాలి. ఆవిడ కొత్త లైనక్స్ ఉన్న పెన్ డ్రైవ్ పెట్టి, దాంతోనే కంప్యూటర్ నడిపి, ముందుగా డిస్క్‌లో ఏయే భాగాలున్నాయో గోడ మీద చూపించారు. చూపించి, ఆగిపోయారు. స్వాప్ పక్కన ఉండాల్సిన మాట లేదు. దాని స్థానంలో, ఇందులో నిద్రపోతున్న పని ఉంది అని అర్థం వచ్చే గుర్తు ఉంది.

ప్రసాద్ గారు హైబర్నేట్ చేసి వెళ్లారు. చెప్పకుండా.

ఆయన సిస్టమ్‌ని లేపి ఆ పని సేవ్ చేద్దామన్నా పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. మేడమ్ ఆయనకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. వెనకనుంచి డైరెక్టర్ గారు లేచి వచ్చి చిన్న గొంతుతో, "ఏముందమ్మా, కానివ్వండి. ఆయన పని ఆయన రేపు మళ్లీ చేసుకుంటారు. జనం వెళ్లిపోతారు చూడండి" అన్నారు. నేను ముందు వరసలోనే ఉన్నాను, అంతా వినపడుతోంది. నిజం చెప్పాలంటే నేను కూడా మనసులో కానివ్వండి మేడమ్, కానివ్వండి అనుకుంటున్నాను. మాటిచ్చి తప్పింది ఆయన. పోయేది మా బ్యాచ్.

మేడమ్ తల అడ్డంగా ఊపారు. "ప్రసాద్ సార్ మాటంటే మాటే సార్. చెప్పకుంట ఇట్ల పోయిండంటే ఏదో ఆపతి వచ్చినట్టే. ఆపతిల ఉన్నోని జాగ తుడుస్తమా?"

"మరి డెమో?"

"చెప్త. కంప్యూటర్ లేకుంటనే చెప్త."

ప్రొజెక్టర్ ఆపేశారు. గదిలో గుసగుసలు. నలుగురైదుగురు అప్పుడే లేచి వెళ్లిపోయారు. మేడమ్ ముందున్న పొడుగు బల్లని గది మధ్యకి జరిపించి, దాని వెనక రెండు కుర్చీలు వేయించారు. "గీ బల్ల స్వాప్. గా కుర్చీలు రెండు సిస్టమ్స్. నిర్మలా, రా. నువ్వు ప్రసాద్ సార్ సిస్టమ్. కూసొని తల బల్ల మీద పెట్టి పండుకో."

నేను తెల్లబోయాను. ముప్పై దాటిన ఆడదాన్ని, అంతమంది ముందు బల్ల మీద పడుకోవడమేమిటి! "మేడమ్..." అన్నాను. "పండుకోవే, ఎవ్వరు ఏం అనరు" అన్నారు. వెళ్లి పడుకున్నాను. గదంతా గొల్లున నవ్వింది. గుమాస్తా గారిని తన టిఫిన్ బ్యాగుతో రమ్మని, "ఇప్పుడు మీరు నా సిస్టమ్. లేచిన్రు. బ్యాగు పెట్టాలె. ఎక్కడ పెడ్తరు?" అని అడిగారు. ఆయన బ్యాగు పట్టుకుని నా తల చుట్టూ తిరిగారు. "ఆవిణ్ని లేపితే గానీ కుదరదండీ." "లేపుడు ఆమె సిస్టమ్‌తోనే అయితది, మీతోని కాదు." "అయితే ఆవిణ్ని పక్కకి తోసెయ్యాలి." "తోస్తే?" "ఆవిడ ఏం చేస్తోందో మర్చిపోతుంది." నేను కళ్లు మూసుకునే వింటున్నాను. గోడకానుకున్న ఒక పెద్దాయన, "ఆవిడ నిద్ర చెడకుండా ఈయనకి వేరే దారి లేదా అమ్మా?" అన్నారు. మేడమ్ చప్పట్లు కొట్టారు. "గదీ ప్రశ్న! ఉంది. ఈయన సొంత కుర్చీ కిందనే చిన్న ఫైలు చేసుకుని దాన్నే స్వాప్ లెక్క వాడుకుంటడు. గని గండ్ల ఒక్క టిక్కు తప్పినా ఆమె పని పోతది, అందుకే ఇయ్యాల నేను ముట్టలె. అది చేసేటందుకు సుత ముందుగాల ఎవరు పండుకున్నరో చూసుడు రావాలె. నా కోర్సు మొత్తం గిదే."

అది అద్భుతమైన పాఠం. కానీ ఇన్‌స్టాలేషన్ చూద్దామని వచ్చినవాళ్లకి అది బల్ల, కుర్చీలు, టిఫిన్ బ్యాగు. సగంమంది మధ్యలోనే వెళ్లిపోయారు. ఆఖరికి పేర్లిచ్చినవాళ్లు డైరెక్టర్ గారు అనుకున్నదానికి చాలా తక్కువ. "సరే, రేపు మాట్లాడుకుందాం" అని ఆయన వెళ్లిపోయారు. ఆ గొంతుని బట్టే మాకు అర్థమైంది. మేడమ్ కుర్చీలు సర్దుతుంటే నాకు కోపం ఆగలేదు. "ఆయన కోసం మన బ్యాచ్ పోగొట్టారు కదా మేడమ్" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, కోప్పడకుండా, "పోతే పోతది నిర్మలా. ఇంకో చోట చెప్పుకుంట. గా ప్రసాద్ సార్ పోరగాళ్ల పని పోతే నేను మల్ల చేసియ్యగల్గుతనా?" అన్నారు. అప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు. ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

మర్నాడు సాయంత్రం మేము వెళ్లేసరికి ప్రసాద్ గారు ల్యాబ్‌లోనే ఉన్నారు. చొక్కా నలిగి ఉంది. జేబులో ఒక్క పెన్నూ లేదు. ముందురోజు క్లాసు మధ్యలో వాళ్ల అమ్మాయి స్కూల్లో మెట్ల మీంచి పడి చెయ్యి విరిగిందని ఫోన్ వస్తే పరుగెత్తారట. చెయ్యి పాత అలవాటుగా హైబర్నేట్ నొక్కేసింది. ఆసుపత్రిలో ఫోన్ సంచిలో ఉండిపోయింది. మధ్యాహ్నం వచ్చి భయపడుతూ కంప్యూటర్ తెరిచారట. ఆయన బ్యాచ్ పిల్లలు ముందురోజు మధ్యాహ్నమంతా ఆ కంప్యూటర్ మీద చేసిన పని అందులో ఉంది, చాలా భాగం సేవ్ చేయనే లేదు.

"ఎట్లున్నది పాపకు?" అని అడిగారు మేడమ్, ముందుగా.

"కట్టు కట్టారండీ. బాగానే ఉంది." "తెరిస్తే అలాగే ఉందండీ. నేను టైప్ చేస్తూ వదిలేసిన మాట సగంలో ఉంది. కర్సర్ కూడా అక్కడే కొట్టుకుంటోంది. నేను... ఏం చెప్పమంటారు మేడమ్ గారూ. డెమో సంగతి ఇప్పుడే తెలిసింది."

"ఏం చెప్పకున్రి. కూసోన్రి" అన్నారు మేడమ్.

ఆయన కూర్చోలేదు. నేరుగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లారు. తలుపు వేసుకోలేదు కాబట్టి మాకంతా వినపడింది. మెత్తటి మనిషి గొంతు పెంచడం అదే మొదటిసారి వినడం. ఆదివారం పొద్దున డెమో ఆయనది. వారమంతటిలో ఎక్కువమంది వచ్చే డెమో అదే, ఏ ఫ్యాకల్టీ దాన్ని వదులుకోరు. "అది మేడమ్ గారికి ఇవ్వండి. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆ తర్వాత కూడా ఆవిడ బ్యాచ్ తీసేస్తానంటే నాదీ తీసేయండి, ఇద్దరం కలిసే వెళ్తాం" అన్నారు. డైరెక్టర్ గారు ఏమన్నారో వినపడలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం ప్రసాద్ గారు మా అందరి వైపు చూసి కొంచెం సిగ్గుపడ్డారు.

ఆదివారం గది పట్టలేదు. గోడకానుకున్న ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు, వెంట ఇంకో ఇద్దరిని తెచ్చారు. నేను బల్ల మీద పడుకున్నప్పుడు నవ్వి వెళ్లిపోయిన కుర్రాళ్లు కూడా కొందరు కనిపించారు. మేడమ్ ఇన్‌స్టాలేషన్ మొదటినుంచి చివరిదాకా గోడ మీద చూపించారు. ముందు వరసలో ప్రసాద్ గారు కొత్త విద్యార్థిలా కూర్చుని, తెలిసిన ప్రశ్నలే తెలియనట్టు అడిగారు. సాయంత్రం బ్యాచ్ నిలబడింది. మేం కోర్సు పూర్తిచేశాం. నేను క్లినిక్ మానేసి పంజాగుట్టలోనే ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగంలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మేడమ్ ఆ తర్వాత కొన్నేళ్లకి సిద్దిపేట వెళ్లి అక్కడి కాలేజీలో చెబుతున్నారు. ఫోన్ చేస్తే, "ఏం నిర్మలా, పండుకున్నవా లేచినవా?" అంటారు. నేను కంప్యూటర్లు నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. నాకు ఉద్యోగం వచ్చింది ఆవిడ వల్లే. కానీ ఆ రెండింటికీ మించి ఆవిడకి నేను రుణపడ్డది, ఆ డెమో రోజు నాకు అంత కోపం వచ్చినందుకు. ఆ కోపం తగ్గి, ఆవిడ చేసింది ఎంత పెద్ద పనో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. తెలిశాక ఇంక మర్చిపోవడం కుదరలేదు.

ఈ మధ్య మా ఆఫీసులో సుజాత అనే అమ్మాయి, వాళ్లమ్మగారికి బాగోలేదని సెలవు పెట్టి ఊరెళ్లింది. సెలవు పెంచింది, మళ్లీ పెంచింది. కొత్తగా ఒకబ్బాయి చేరాడు. మా మేనేజర్ గారు వచ్చి, "ఆ సుజాత సిస్టమ్ ఊరికే పడి ఉంది కదా, తుడిచేసి ఇతనికి ఇచ్చేయండి" అన్నారు. ఊరికే పడి లేదు సార్, ఆ అమ్మాయి పని సగంలో ఉంది, ఒక్కరోజు ఆగండి, కనుక్కుంటాను అన్నాను. ఆయనకి నచ్చలేదు. కొత్తబ్బాయికి నా కంప్యూటర్‌లోనే కాస్త చోటు చేసిచ్చాను. సాయంత్రం సుజాతకి ఫోన్ చేశాను. అమ్మకి ఎలా ఉందని అడిగాను. నీ సిస్టమ్‌లో ఏమేం ఉంచాలో చెప్పమన్నాను.

"నా సిస్టమ్ ఇంకా ఉందా అక్కా?" అంది. "ఇన్ని రోజులైంది, ఈపాటికి తీసేసుంటారనుకున్నాను. అందుకే ఫోన్ చేయడానికి కూడా భయమేసింది."

"ఉందమ్మా. నువ్వు ఎక్కడ వదిలావో అక్కడే ఉంది. అమ్మని చూసుకుని రా" అన్నాను.